పిస్తోలు రసికులు

రసజ్ఞత గొప్ప గుణము. ఒక వస్తువును చూచి, దాని పొందికను గ్రహించి, దానిని చేసిన చేతికి మనసులోనే నమస్కరింపగలవాడు ఏమియు నెఱుగక తిరుగువానికంటె మేలు. కాని యా రసజ్ఞత రెండు తెఱగులు. వస్తువును సమగ్రముగ నెఱిగి మెచ్చుట యొకటి. తనకింపైన సగమును మాత్రము చూచి, తక్కిన సగమునకు కన్నులు మూసికొని మెచ్చుట రెండవది. పాత అర్ధస్వయంచాలక పిస్తోళ్లను ప్రోగుచేసి, నూనెగుడ్డతో తుడిచి, వాని సొంపును వర్ణించుచు పరవశులగు రసికుల మెప్పు ఈ రెండవ తెగకు చెందినదని మా యభియోగము.

ఈ రసికులకు అమెరికాలోను, ఐరోపాలోను సంఘములు కలవు, గ్రంథములు కలవు, వేలములు కలవు. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధశాసనము కఠినమైనది. 2019లో దానికి జరిగిన సవరణముచే ఒక్క మనుష్యుడు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెంటికి దిగినది. కావున మనలో ఇట్టి వ్యసనపరులు కొలదిమందియే. అయినను పిస్తోళ్లకు పరిమితులుండునుగాని పొగడ్తలకు పరిమితులు లేవు. ఆ పొగడ్తలు బొమ్మలతోను, చలనచిత్రములతోను సముద్రములు దాటివచ్చి, లూగరు, మౌజరు, కోల్టు అను పేళ్లను మన యువకులచేత సైతము ఇష్టదేవతల నామములవలె జపింపజేయుచున్నవి. అందుచే ఈ విషయము మనకు సంబంధింపనిదని త్రోసివేయుటకు వీలులేదు.

మొదట వారి పక్షమున చెప్పవలసినది చెప్పెదము. ప్రతిపక్షి బలమును దాచి వాదించుట మాకిష్టము లేదు. ఈ పిస్తోలు నిజముగ మానవబుద్ధి కల్పనలలో మెచ్చదగినది. తూటా పేలినప్పుడు పుట్టు వెనుకతన్నును అంతకుముందు చేతికి బాధగా మాత్రమే జనులెఱుగుదురు. ఆ తన్నునే పనివానిగ మార్చి, ఖాళీ తొడుగును బయటికి విసరివేయించి, స్ప్రింగు బలముచే రెండవ తూటాను గదిలోనికి తెప్పించుటయే ఇందలి కిటుకు. ప్రతి దెబ్బకును మీటను మరల నొక్కవలసియుండుటచేతనే దీనికి ‘అర్ధ’ యను విశేషణము కలిగినది.

1893లో హ్యూగో బోర్చార్టు అనునతడు బెర్లినునందలి లుడ్విగు లోవే కర్మాగారమున ఇట్టి పిస్తోలు నొకదానిని చేయించెను. అది పనిచేసెను గాని చేతికి మోటుగా నుండెను. గేయోర్గు లూగరు దానిని సంస్కరించి, మన మోకాలి కీలువలె పైకి మడిగి మరల చాచుకొను కీలును నిలుపుచునే, పిడిని చేతికి సహజముగ నమరునట్లు వాల్చెను. దానిని 1900లో స్విట్జర్లాండు సైన్యమును, 1904లో జర్మను నౌకాదళమును, 1908లో జర్మను పదాతిసైన్యమును స్వీకరించెను. ఓబెర్ండోర్ఫునందు ఫీడెర్లే సోదరులు కల్పించిన 1896వ సంవత్సరపు మౌజరునందు, పిడిచెక్కలను పట్టియుంచు మరమేకు ఒక్కటి తప్ప యంత్రభాగమున మరమేకే లేదు. ముక్కలన్నియు ఒకదానిలో నొకటి ఇమిడి నిలుచును. అమెరికాలోని ఆగ్డెను పట్టణమున 1855లో జన్మించిన జాన్ మోజెస్ బ్రౌనింగు కల్పించిన కోల్టును 1911 మార్చి 29న అమెరికా సైన్యము స్వీకరించి, 1985 వఱకు తన ముఖ్యమైన పిస్తోలుగా ఉంచుకొన్నది. డెబ్బదినాలుగేండ్లు ఒక యంత్రము మార్పు కోరక పనిచేయుట సామాన్యము కాదు. ఇంతవఱకు మేమును రసికులతో చేయి కలిపెదము.

ఇక ఈ రసికులు వస్తువునకు వెలకట్టు విధము చూడుడు. లూగరు పిస్తోలునందు పెద్దభాగములపై పూర్తి వరుససంఖ్యయు, చిన్న చిన్న తునకలపై దాని చివరి రెండంకెలును చెక్కబడియుండును. ముక్కలను చేతితో ఆకురాయిపెట్టి యొకదాని కొకటి సరిపఱచెడివారు గనుక, ఒకదాని ముక్క వేఱొకదానిలో చేరకుండుటకై పనివాండ్రు చేసికొన్న యేర్పాటిది. నేడు రసికుడు భూతద్దము పట్టుకొని యీ అంకెలను వెదకును. అన్నియు కలిసినచో బ్రహ్మానందము. ఒక్క కీలు వేఱు సంఖ్య కలదైనచో వస్తువు మైలపడినట్లే! పాత నీలివన్నె మాసినదని ఎవడైన తెలియక క్రొత్తవన్నె వేయించెనా, వానిని జాతిభ్రష్టునిగ చూతురు. చిన్నభాగములకు నిప్పుసెగచే వచ్చిన ఎండుగడ్డి రంగు నిలిచియున్నచో వెల పెరుగును. తోలు ఒర, విడి తూటాపెట్టె, మరలువిప్పు పనిముట్టు తోడుగా నున్నచో మఱింత పెరుగును.

అన్నిటికంటె నెక్కువ వెల యెట్టిదానికి? ఒక్కమాఱైనను యుద్ధమునకు పోక, పెట్టెలో పడియున్నదానికి! అమెరికా సైన్యము పరీక్ష కొఱకు 1907 ప్రాంతమున పెద్దతూటాకు తగినట్లు చేయించిన లూగరులలో నొకటి 1989లో పదిలక్షల డాలర్లకు అమ్ముడుపోయి, ‘పదిలక్షల డాలర్ల లూగరు’ అని పేరుగాంచినది. అదే 2010లో వేలమునకు వచ్చినప్పుడు అందు సగమైనను పలుకలేదు. ఈ హెచ్చుతగ్గులను గూర్చి మాకు చింతలేదు. కాని చదువరులు ఒక వింతను గమనింపవలెను. పనిచేయని నాగలికి ఏ రైతును వెలయీయడు. పలుకని వీణకు ఏ వైణికుడును వెలయీయడు. పిస్తోలునకు మాత్రము అది తన పని చేయకపోవుటయే గొప్ప. ఎందుచేత? దాని పని యేదియో రసికుని అంతరాత్మకు బాగుగ తెలియును గనుక. దానిని చూడనొల్లడు గనుక.

ఈ నియమమునకు మినహాయింపు ఒక్కటి కలదు. పిస్తోలు పనిచేసియున్నచో, దానిని పట్టినవాడో దానిచే పడినవాడో పేరుమోసినవాడై యుండవలెను. అప్పుడు ఆకాశమే హద్దు. పేరులేని సిపాయి పేరులేని మఱియొక సిపాయిని బురదగుంటలో కాల్చిన పిస్తోలైనచో, ‘వాడబడినది, గీతలు కలవు’ అని వ్రాసి వెల తగ్గింతురు. చచ్చిన మనుష్యుడు ఆ గీతలలో ఒక గీత! ప్రతి తునకకును అంకె వేసి లెక్కించు ఈ శ్రద్ధలో, ఆ తునకలచే నేలకూలినవారి లెక్క యొక్కటే లేదు. ఇదియా సమగ్రరసజ్ఞత?

రసికులు చెప్పుకొను కథలను తీసికొందము. 1898లో సూడానునందలి ఆందుర్మాను యుద్ధమున చర్చిలు మౌజరు పిస్తోలు వాడెను. భుజము నొప్పిచే ఖడ్గము త్రిప్పలేక దానిని పట్టితినని అతడే వ్రాసికొన్నాడు. మౌజరును పొగడు ప్రతి వ్యాసమునందును ఈ భుజము కనబడును. ఆనాడు ఆ యెడారిలో ఆంగ్లేయుల మరతుపాకులకు, ఫిరంగులకు సుమారు పదివేలమంది సూడాను దేశస్థులు బలియైనమాట మాత్రము ఎంత వెదకినను కనబడదు. ఒక దొర భుజమునకు కలిగిన నొప్పి చరిత్ర. పదివేల ప్రాణములు పీఠికకైన తగవు!

కోల్టు కథ ఇంతకంటె ఘోరము. దాని లావైన తూటాను ఈ భక్తులు మంత్రాక్షరమువలె పలుకుదురు. ఆ లావు ఎట్లు నిర్ణయింపబడినది? ఫిలిప్పీను ద్వీపములను అమెరికా ఆక్రమించినప్పుడు, తమ నేలకొఱకు కత్తులతో ఎదిరించిన మోరో జాతివారు చిన్నతూటా తగిలినను ఆగక మీదికి వచ్చుచున్నారని సైనికులు మొఱవెట్టిరి. అంతట 1904లో థాంప్సను అను సైనికాధికారియు, వైద్యశాఖకు చెందిన లగార్డు అను అధికారియు చికాగో పశువధశాలలకు పోయి, బ్రతికియున్న పశువులమీదను, మనుష్యుల శవములమీదను వివిధములైన తూటాలను పేల్చి పరీక్షించిరి. అంగుళములో నూటికి నలుబదియైదు పాళ్లకు తక్కువకాని తూటా కావలెనని తేల్చిరి. వైద్యశాఖవాడు గాయము మాన్పు విధము గాక, గాయము పెద్దదగు విధము పరీక్షించెను! బ్రౌనింగు ప్రతిభ ఈ తీర్పునకు తొడిగిన ఉక్కుతొడుగు. 1911 పరీక్షలో ఆఱువేల తూటాలు పేల్చినను కోల్టు ఒక్కమాఱైన మొరాయింపలేదని రసికులు చెప్పుదురు. నిజమే. ఆ యాఱువేలను గొంతెత్తి చాటువారు చికాగో పశువులను, మోరో జనులను ఏల మఱచిరని మేమడుగుచున్నాము. ఒకే వస్తువు చరిత్రలో ఒక పుటను చదివి వేఱొక పుటను చించివేయువాడు పాఠకుడా?

ఇందుకు రసికులు చెప్పు సమాధానములు మూడు. వరుసగ విచారింతము.

‘ఉక్కునకు పాపము లేదు, పాపము చేతిది’ అనునది మొదటిది. మంచిది. ఉక్కునకు పాపము లేనిచో పుణ్యమును లేదు. చేతి పాపము ఉక్కునకు అంటనప్పుడు, చేతి కీర్తి మాత్రము దానికెట్లు అంటును? సేనాపతి పట్టిన పిస్తోలని పదిరెట్లు వెలయిచ్చునప్పుడు చేయి ఉక్కునకు అంటినది. చచ్చినవాని మాట వచ్చునప్పటికి చేయి వేఱు, ఉక్కు వేఱు! లాభమునందు ఉమ్మడికాపురము, నష్టమునందు వేఱింటి కాపురము లోకజ్ఞులకు నవ్వు పుట్టించును.

రెండవ సమాధానము మన హృదయమును తాకునది. ‘మీ దేశభక్తులు పిస్తోళ్లు పట్టలేదా? వానిని మీరు పూజింపరా?’ అందురు. పట్టిరి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన సరకులోనుండి ఏబది మౌజరు పిస్తోళ్లను, నలుబదియాఱువేల తూటాలను వంగదేశపు విప్లవకారులు మాయము చేసిరి. 1915 సెప్టెంబరులో బాలేశ్వరము చెంత జతీంద్రనాథ ముఖర్జీ తన సహచరులతో పోలీసుల నెదిరించి పోరాడినది అట్టి మౌజరులతోనే. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదులోని ఆల్ఫ్రెడు ఉద్యానమున చంద్రశేఖర ఆజాదు కడపటి తూటావఱకు పోరాడిన కోల్టు నేడు అలహాబాదు ప్రదర్శనశాలలో నున్నది. దానియెదుట జనులు చేతులు జోడింతురు. కాని యే భక్తుడైన దాని అంకెలు కలిసినవా యని భూతద్దము పెట్టి చూచెనా? నీలివన్నె ఎంత మిగిలినదని అడిగెనా? ఆ నమస్కారము ఆజాదునకు, అతడు వచ్చి నిలిచిన మృత్యుముఖమునకు. సరిగ అట్టి కోల్టే కర్మాగారమునుండి వచ్చి ఏ దారిదోపిడికానిచేతనో పడినచో దానికెవ్వరు మ్రొక్కుదురు? దేశభక్తుని పిస్తోలును చూచువాడు మనుష్యుని చూచును. రసికుడు మనుష్యుని దాటి మరను చూచును. ఈ యుదాహరణము మా వాదమునే బలపఱచుచున్నది.

‘ఇవి పాతవస్తువులు, హైదరాబాదున సాలారుజంగు ప్రదర్శనశాలలో ఖడ్గములను మెచ్చుచున్నారు గదా, వీనిని మెచ్చిన తప్పేమి?’ అనునది మూడవది. ఖడ్గమును మెచ్చువాడును దాని చరిత్ర నంతయు చదువవలెననియే మేమందుము. కాని ఖడ్గము విషయమున కాలము మనకు కొంత తోడ్పడినది: ఖడ్గముతో నేడు ఏ రాజ్యమును యుద్ధము చేయదు. పిస్తోలు అట్లు విశ్రమించినదా? లూగరు కొఱకు 1902లో కల్పింపబడిన తొమ్మిది మిల్లీమీటర్ల తూటా నేటికిని ప్రపంచమున అనేక సైన్యములకు, పోలీసులకు నిత్యవినియోగములో నున్నది. తాతనాటి లూగరులో ఈ నాటి తూటా సరిపోవును. నూఱేండ్ల నాటి నాగుపాము కోఱలలో నేటి విషముండగా దానిని పురావస్తువనుట యెట్లు? పైగా ఈ జాతి పిస్తోలులో నొక మోసము కలదు. తూటాపెట్టెను ఊడబెఱికినను, అంతకుముందే గదిలో చేరిన తూటా ఒకటి లోపలనే యుండును. పెట్టె చేతికి వచ్చినది గదా, పిస్తోలు ఖాళీయని నమ్మినవాని యింటిలో నమ్మకము ఒక్క క్షణము, ఏడుపు ఒక జీవితకాలము.

చేసినవారు ఈ సంగతి నెఱుగకపోలేదు. జర్మను సైన్యపు లూగరులో గదియందు తూటా యున్నప్పుడు తొడుగును లాగు చిన్న కొక్కెము పైకి లేచును. దాని ప్రక్కన చెక్కిన ‘గెలాడెన్’ అను మాట బయటపడును. ‘నింపబడియున్నది’ అని దాని యర్థము. రసికులు ఈ అక్షరముల ఆకారమును, లోతును, వానిలోని తెల్లరంగును గూర్చి పుటలు నింపుదురు. అక్షరములు చెప్పుచున్న మాటను వినరు. పిస్తోలే తన స్వభావమును తన నోట చెప్పుకొనుచుండగా, ప్రేమించువారు దానికి చెవియొగ్గకుండుటకంటె వింత వేఱొకటి కలదా?

అట్లైన ఈ పిస్తోళ్లను కరగించి కొడవళ్లు చేయింపుమందురా యని యడుగవచ్చును. అది మా మతము కాదు. వస్తువును నాశనము చేసినచో సాక్ష్యము నశించును. మేము కోరునది చదువు పూర్తికావలెననియే. అట్టి పూర్తిచదువునకు దృష్టాంతము వియన్నాలో కలదు. 1914 జూను 28న సెరయేవోలో గవ్రిలో ప్రిన్సిపు రెండు గుండ్లు పేల్చి ఆస్ట్రియా యువరాజును, అతని భార్య సోఫీని చంపెను. అతని చేతిది బెల్జియములోని ఎర్స్టాలునందు చేయబడిన, బ్రౌనింగు కల్పించిన 1910వ సంవత్సరపు పిస్తోలు. అది చాలకాలము మఱపున పడియుండి, జెసూటు మఠమువారివద్దనుండి 2004లో వియన్నా సైనికచరిత్ర ప్రదర్శనశాలకు చేరినది. దానిపై 19074 అను సంఖ్య కలదు. చూడుడు! రసికుడు దురాశతో వెదకు ఆ వరుససంఖ్యయే ఇచ్చట సాక్షి. ఆ ప్రదర్శనశాలలో యువరాజు కూర్చుండిన కారును, రక్తపు మఱకలతో నున్న అతని దుస్తును సైతము ఉంచినారు. పిస్తోలును చూచిన కన్ను దుస్తును చూడక తప్పదు. అచ్చట చూపబడునది సగము కాదు, సమస్తము.

మన దేశమునకు అంతకంటె దగ్గఱి దృష్టాంతము కలదు. 1948 జనవరి 30న ఢిల్లీలో మహాత్ముని దేహమున దూరిన మూడు గుండ్లు ఇటలీలో చేయబడిన 1934వ సంవత్సరపు బెరెట్టా పిస్తోలునుండి వెడలినవి. ఆ తెగ పిస్తోళ్లపై ఫాసిస్టు శకము లెక్క ప్రకారము సంవత్సరము రోమను అంకెలతో చెక్కబడియుండును. ఆ యంకెలును నేడు ప్రోగుచేయువారికి వేడుకయే. బెరెట్టా చిన్నది, తేలికయైనది, నమ్మదగినది, జేబులో నిముడునది అని వారు వర్ణింతురు. వర్ణనములో అబద్ధము లేదు. కాని యీ గుణములన్నియు ఆనాటి సాయంకాలము ప్రార్థనకు నడచిపోవుచున్న వృద్ధుని యెదుట ఏమి చేసినవో తెలిసినవాడు ‘జేబులో నిముడును’ అను మాటను సంతోషముతో పలుకగలడా? పలుకగలిగినచో వానిది యెట్టి హృదయము? ఢిల్లీలోని జాతీయ గాంధీ ప్రదర్శనశాలకు పోయి, అచ్చట నుంచిన నెత్తుటి వస్త్రమును, గుండును చూచివచ్చి, అప్పుడు వానిని బెరెట్టాను వర్ణింపనిండు. ఆ వర్ణనను మేమును శ్రద్ధతో చదివెదము.

కావున పిస్తోలు రసికులకు మా మనవులు ఇవి. ప్రతి పట్టికలోను యంత్రము గుణములను వ్రాయునప్పుడు, అది యెవరి కొఱకు, ఎవరిమీద ప్రయోగించుటకు చేయబడినదో ఒక పంక్తియైన వ్రాయుడు. ఊరుపేరు తెలియనివాని చావును ‘గీత’ యనకుడు. అరుదైన పిస్తోలును ఇనుపపెట్టెలో దాచి యొంటరిగ మురియుటకు మాఱుగ, ప్రదర్శనశాలల కప్పగించి, పదిమంది చదువుకొనునట్లు చేయుడు. ఇంట నుంచుకొనుట తప్పనిచో గది తెఱచి కంటితో చూచి, వ్రేలితో తడవి, శూన్యమని రూఢిపఱచుకొనక దానిని పసివారి కంటబడనీయకుడు. రూఢిపఱచుకొన్నను వారి చేతికీయకుడు. మన పత్రికలలోను, చలనచిత్రములలోను పిస్తోలును పురుషత్వమునకు నగగా చూపువారికిని ఇదే మనవి: నగ తొడిగిన చేతిని చూపినప్పుడు ఆ నగ తగిలిన దేహమునుగూడ చూపుడు.

బ్రౌనింగును, లూగరును, ఫీడెర్లే సోదరులను మేము తక్కువచేయలేదు. వారి కల్పనను సంపూర్ణముగ చదువుమనుట వారికి గౌరవమేగాని అవమానము కాదు. వారు గాజుబీరువాలలో మెఱయుటకు బొమ్మలు చేయలేదు. మనుష్యుని చంపునట్టి పనిముట్టును మిక్కిలి నేర్పుతో చేసిరి. ఆ నేర్పును, ఆ పనిని కలిపి చూచుటకు గుండె చాలనివాడు తనను రసికుడని చెప్పుకొనకుండుట న్యాయము.